అటక మీది గొంగడి

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)

'గొంగట్లో భోంచేస్తూ వెంట్రుకలు ఏరినట్టు' అని మనం మాటవరసకు అంటూంటాం. ఆ గొంగడి ఎక్కణ్ణుంచి వస్తుందో, ఎవరు నేస్తారో మనలో ఎంతమందికి తెలుసు? నాకూ తెలియదు. పోయిన చలికాలం ఇల్లు సర్దుతూ అటక మీంచి ఒక నల్ల గొంగడి దించాను. బరువు, పైగా ఒళ్ళు గీరుకుంటుంది. పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చే ఆమెకు వేసేద్దామనుకున్నాను. మా అత్తగారు చూసి, "ఇచ్చేద్దువుగాని లేమ్మా, ముందొకసారి అది పుట్టిన చోటు చూసి రా" అన్నారు. సంక్రాంతి వెళ్ళాక ఇద్దరం సిద్దిపేట జిల్లా కొమురవెల్లి జాతరకు బయల్దేరాం.

కొమురవెల్లి మల్లన్న జాతర సంక్రాంతి నుంచి ఉగాది దాకా సాగుతుంది. గొల్లలు, కురుమలు ఆయన్ని ఇంటి దేవుడుగా కొలుస్తారు. ఒగ్గు పూజారులు రంగురంగుల పొడులతో నేలమీద ముగ్గులా 'పట్నం' వేస్తారు. పసుపును అక్కడ 'బండారి' అంటారు. స్వామి దేవేరులిద్దరిలో కేతమ్మ గొల్లల ఆడపడుచు. అంటే గొర్రెలు కాచే ఇళ్ళకు దేవుడు అల్లుడన్నమాట!

అక్కణ్ణుంచి మా అత్తగారికి తెలిసిన ఒక కురుమ పెద్దమ్మ ఇంటికి వెళ్ళాం. గొంగడి పుట్టుక ఆమె చెబితేనే తెలిసింది. దక్కను పీఠభూమిలో అనాదిగా ఉన్నది ఉన్ని గొర్రె. ఎక్కువగా నలుపు. ఎంత దూరమైనా నడుస్తుంది, ఎండిన గడ్డితో సరిపెట్టుకుంటుంది. ఒంటిమీది ఉన్నే దానికి రాత్రి చలికి రక్ష. ఏడాదికి రెండుసార్లు గొర్రెల్ని చెరువులో కడిగి, ఉన్ని కత్తిరిస్తారు. రెండు కత్తిరింపులూ కలిపినా ఒక గొర్రెకు వచ్చేది కిలో లోపే. పిల్ల గొర్రెకు మొదటిసారి తీసిన ఉన్ని అన్నిటికన్నా మెత్తన. ఆ ఉన్నిని ఏకి, రాట్నం మీద దారం వడికేది ఆడవాళ్ళు. గుంట మగ్గం మీద నేసేది మగవాళ్ళు. దారానికి చింతగింజల గంజి పెడతారు. అందుకే గొంగడి బిరుసుగా ఉంటుంది, వానచినుకు తొందరగా లోపలికి ఇంకదు. కాపరి తలమీదుగా కొప్పెర పెట్టుకుంటే అది గొడుగు, పరిస్తే పడక, అడవిలో ఈనిన గొర్రెపిల్లను మోసుకొస్తే ఉయ్యాల. మనల్ని గీరుకునే ఆ గంజే ఆ మనిషిని కాపాడుతోందన్నమాట.

పంటలు కోశాక రైతులు గొర్రెల మందను పిలిచి రాత్రిళ్ళు పొలంలో నిలబెట్టించుకునేవారు. చేనుకు ఎరువు, కాపరికి గింజలో డబ్బులో దక్కేవి. బోర్లు, కాలువలు వచ్చి రెండు పంటలు పండే చోట బీళ్ళు తగ్గాయి, మంద మేసే జాగా కూడా తగ్గింది.

"మరి ఇప్పుడు దారం వడకరా పెద్దమ్మా?" అని అడిగాను. ఆమె పైకి చూపించింది. మా ఇంట్లో అటక మీద గొంగడి ఉంటే, వాళ్ళింట్లో అటక మీద రాట్నం ఉంది!

"బొచ్చు కత్తిరిస్తే కూలి మనమే ఇయ్యాలె బిడ్డా, బొచ్చు కొనెటోడు లేడు. గీ తెల్ల గొర్రెకు బొచ్చే లేదు, ఖర్చూ లేదు. పిల్ల జల్ది పెరుగుతది. ఏం జెయ్యమంటవు?"

ఆమె చెప్పింది నెల్లూరు జాతి సంగతి. ఉన్ని ఉండదు, ఒంటిమీద పొట్టి వెంట్రుకలే. ఎత్తుగా, బరువుగా ఎదుగుతుంది కనుక మాంసానికి మంచి ధర. 2017లో తెలంగాణ ప్రభుత్వం గొల్ల, కురుమ కుటుంబాలకు 75 శాతం రాయితీమీద 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున ఇచ్చే పథకం మొదలుపెట్టింది. పొరుగు రాష్ట్రాల నుంచి గొర్రెల్ని కొనుక్కొచ్చారు. 2012లో తెలంగాణలో 1.28 కోట్లున్న గొర్రెలు 2019 పశుగణన నాటికి 1.91 కోట్లయ్యాయి. దేశంలోనే మొదటి స్థానం. లెక్కలో గొర్రెలు పెరిగాయి, కానీ నల్ల ఉన్ని గొర్రె మాత్రం మందలో తరిగిపోతోంది.

కాపరి బతుకు గడవాలి కదా, అతణ్ణి తప్పు పట్టలేం. మాంసం కొనే ఇల్లాలిదీ తప్పు కాదు. కానీ పెద్దమ్మ చివరన అన్న మాట నన్ను వదల్లేదు. "గొర్రెపిల్లను అమ్మితే పైసలు మా ఇంటాయన చేతికొస్తయి. దారం పైసలు నా చేతికొచ్చేటియి. పిల్లల పలకలు, బలపాలు గవ్వే పైసలు."

ఉన్నికి గిరాకీ పోతే ఒక గొర్రె జాతే కాదు, ఆ ఇంట్లో ఆడదాని చేతి డబ్బూ పోయింది. ఈ కష్టం మనకు అర్థం కాకపోతే ఇంకెవరికర్థమవుతుంది?

అందుకని ఒక చిన్న మాట. యంత్రం మీద నేసిన సింథటిక్ దుప్పట్లు నాలుగు కొనేచోట ఒక్క ఉన్ని గొంగడి కొని చూడండి. నేలమీద పరుచుకోవడానికి, పూజలో ఆసనానికి, చలికాలం దుప్పటిమీద కప్పుకోవడానికి బాగుంటుంది. కొనేటప్పుడు అంచునుంచి ఒక పోగు తీసి జాగ్రత్తగా కాల్చి చూడండి. అసలు ఉన్నయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి, వేళ్ళతో నలిపితే పొడవుతుంది. సింథటిక్ అయితే కరిగి గట్టి ముద్ద కడుతుంది. గొంగడిని మాటిమాటికీ ఉతక్కండి. ఎండలో వేసి కర్రతో దులిపి, ఎండు వేపాకు మడతల్లో పెట్టి దాస్తే చాలు, పురుగు పట్టదు.

మా గొంగడి ఇప్పుడు అటక దిగింది, మా అత్తగారి మంచం మీదికి చేరింది. 'ఎక్కడ వేసిన గొంగడి అక్కడే' అంటారు కదూ. మనింట్లో గొంగడి కదిలితే, ఆ పల్లెలో అటక మీది రాట్నమూ కిందికి దిగుతుందని నా ఆశ.