ఇల్లు వదిలితే హక్కు వదులుకున్నట్టేనా?

(బుచ్చిరెడ్డిపాలెంలో స్త్రీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"ఇన్నేళ్లు ఓర్చుకున్నదానివి, ఇప్పుడు బయటికి రావడమెందుకు?" నడివయసులో విడిపోవాలనుకున్న స్త్రీని మనవాళ్లు మొదట అడిగే మాట ఇదే. ఇక్కడ పుట్టి, పెళ్లయి హైదరాబాదుకో చెన్నైకో వెళ్లి, పాతికేళ్లు ఒకే ఇంట్లో గడిపిన ఆడవాళ్లు మన కుటుంబాల్లో ఎందరో. ఇంటి అప్పు తీరడానికి కుదువకు వెళ్లింది ఆమె బంగారం. దస్తావేజు మీద ఉన్నది అతని పేరు. కాపురం చెడితే మనిషిని వదలడమూ, ఇంటిని వదలడమూ ఒకటేనని ఆమెకు నూరిపోస్తారు. ఈ రెంటినీ విడదీసి చూడాలి.

భార్య గడప దాటడాన్ని చట్టం కూడా అనుమానంగానే చూసింది. హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్ కింద కాపురానికి రమ్మని కోర్టు ఉత్తర్వు తెచ్చుకోవచ్చు. కడప కోర్టులో మొదలైన సరిత కేసులో, 1983లో జస్టిస్ పి.ఎ. చౌదరి ఈ సెక్షన్ రాజ్యాంగ విరుద్ధమన్నారు. తన శరీరం మీద నిర్ణయం స్త్రీదేనన్న ఆ తీర్పు మన హైకోర్టు నుంచే వచ్చింది. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు సరోజ్ రాణి కేసులో ఆ సెక్షన్ చెల్లుతుందని చెప్పింది. అయితే అలాంటి ఉత్తర్వు ఉన్నా, రాకపోవడానికి తగిన కారణం చూపిన భార్యకు మనోవర్తి ఇవ్వవచ్చని 2025 జనవరిలో అదే కోర్టు అంది.

ఇక ఇంటి సంగతి. 2005 గృహహింస చట్టం 17వ సెక్షన్ భార్యకు ఉమ్మడిగా కాపురమున్న ఇంట్లో నివసించే హక్కు ఇచ్చింది. 2006లో బాత్రా కేసులో సుప్రీంకోర్టు దాన్ని కుదించింది. అత్తగారి పేరున ఉన్న ఇల్లయితే కోడలికి హక్కు లేదంది. 2020లో సతీష్ చందర్ అహూజా కేసులో ఆ తీర్పును తప్పుపట్టింది. 2022లో ప్రభా త్యాగి కేసులో, ప్రస్తుతం ఆ ఇంట్లో ఉండకపోయినా హక్కు పోదని చెప్పింది. కాబట్టి దెబ్బలకు తాళలేక పుట్టింటికి చేరిన స్త్రీ తన హక్కును వదిలేసి వచ్చినట్టు కాదు. ఫిర్యాదు చెయ్యడానికి హైదరాబాదు తిరగనక్కర్లేదు. తాత్కాలికంగా ఉంటున్న చోటి కోర్టుకు వెళ్లవచ్చని 27వ సెక్షన్ చెబుతోంది.

కానీ నివాస హక్కు వేరు, యాజమాన్యం వేరు. విడాకులైతే అతని పేరున ఉన్న ఇంట్లో సగం ఆమెదని చెప్పే చట్టం మనకు లేదు. పాతికేళ్ల వంటా, పెంపకమూ, పొదుపూ లెక్కలోకి రావు. మన పోరాటం సాగాల్సింది ఇక్కడే.

పుట్టింటి మాటా చెప్పుకోవాలి. భర్త వదిలేసిన, భర్తకు దూరమైన కూతురికి తండ్రి ఇంట్లో ఉండే వీలు మాత్రమే ఇచ్చి, ఆ ఇంట్లో వాటా అడగాలంటే అన్నదమ్ములు పంచుకునేదాకా ఆగమన్న పాత 23వ సెక్షన్‌ను 2005లో తీసేశారు. ఇప్పుడామె వాటాదారు. వదినగారి దయ మీద ఉన్న చుట్టం కాదు.

కార్యకర్తలుగా మనం "ఎందుకొచ్చావు?" అని అడగడం మానేద్దాం. ఈ రాత్రి ఎక్కడ పడుకుంటావు, పిల్లల సర్టిఫికెట్లు, బ్యాంకు పుస్తకం, ఇంటి కాగితాల నకళ్లు నీ దగ్గరున్నాయా, బంగారం ఎవరి చేతిలో ఉంది అని అడుగుదాం. స్త్రీధనం పూర్తిగా ఆమెదేనని 1985లోనే ప్రతిభారాణి కేసులో తేలింది.

1992లో ఈ జిల్లా దూబగుంట స్త్రీలు సారాను ఇంటి గొడవగా వదిలెయ్యలేదు. వీధిలోకి తెచ్చారు. ఇంటి మీద హక్కునూ అలాగే నలుగురిలోకి తీసుకురావాలి.