చూపుకూ వరసలున్నాయి
(ఉప్పర్వాహి స్మారకోపన్యాసం)

ఈ స్మారకోపన్యాసం ఇవ్వమన్నప్పుడు చూపు గురించి మాట్లాడతానన్నాను. ఉప్పర్వాహి లాంటి సిమెంటు ఫ్యాక్టరీ ఊళ్ళో చూపేమిటని ఒకరిద్దరు నవ్వారు. నాకైతే ఇంతకంటే తగిన చోటు తోచలేదు. 1956 దాకా ఈ రాజురా ప్రాంతం హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. బొంబాయి రాష్ట్రానికి వెళ్ళి, 1959లో చాందా జిల్లాలో కలిసింది. తెలుగు, మరాఠీ, గోండి, కొలామీ మాట్లాడేవాళ్ళు ఒకే సంతలో తారసపడతారు. ఫ్యాక్టరీ వచ్చాక దూరప్రాంతాల వాళ్ళూ చేరారు.

ఇన్ని రకాల మనుషులు కలిసేచోట ఎదుటివాళ్ళను ఎంత సూటిగా చూడవచ్చు? పుస్తకాలు దేశాలవారీగా లెక్క చెబుతాయి. అందులో నిజం లేకపోలేదు. 2013లో ఒక అధ్యయనంలో ఫిన్లాండ్, జపాన్ వాళ్ళను పోల్చి చూశారు. తమను సూటిగా చూసే ముఖం జపాన్ వాళ్ళకు ఎక్కువ కోపంగా కనిపించింది. చిత్రమేమిటంటే, గుండె మాత్రం ఇద్దరికీ ఒకేలా స్పందించింది.

మన ఇళ్ళకు ఆ లెక్క చాలదు. పాతకాలపు కోడలు మామగారికి మజ్జిగ అందిస్తే చూపు గ్లాసు దాటేది కాదు. కాసేపటికి మరిది వస్తే, అదే కోడలు కళ్ళు తిప్పుతూ వాడి కొత్త చొక్కాను వెక్కిరించేది. అల్లుడొస్తే అత్తగారు తలుపు చాటునుంచే కుశలం అడిగేది. గోండుల్లో అన్నకూ తమ్ముడి భార్యకూ మధ్య ఈ ఎడం మరీ గట్టిది. ఒకే మనిషికి ఎన్నో చూపులు. ఏది ఎవరి ముందు వాడాలో వరస చెబుతుంది. దేవుడి దగ్గరా చూపుకు హద్దులున్నాయి. తిరుమలలో స్వామి కళ్ళను పెద్ద నామం చాలావరకు కప్పేస్తుంది. గురువారం నేత్రదర్శనానికి దాన్ని తగ్గిస్తారు.

ఇదంతా మర్యాదేనని మురిసిపోలేను. దొర గడీ ముందు చెప్పులు చేతపట్టుకొని తలవంచి నడిచిన తాతల చూపును మర్యాద అనడానికి నాకు నోరు రాదు. అది భయం. ఇక ఇళ్ళలో ‘నా కళ్ళలోకి చూసి చెప్పు’ అని పిల్లవాణ్ణి ఎప్పుడంటాం? ఏదో దొంగతనం జరిగిందని అనుమానం వచ్చినప్పుడు. సూటిచూపు వాడికి విచారణగానే పరిచయం.

అలాంటి పిల్లవాడే రేపు ఉద్యోగం ఇంటర్వ్యూకి వస్తాడు. నేల చూస్తూ సరైన జవాబే చెబుతాడు. అవతలివాళ్ళు ‘ధైర్యం లేదు’ అని రాసుకుంటారు. పరిశోధకుడు ఆడం కెండన్ 1967లోనే గమనించాడు: మాట్లాడేటప్పుడు మనుషులు వినేటప్పటికంటే తక్కువ చూస్తారు, మాట ముగిసే ముందు కళ్ళెత్తి, ఇక నీ వంతు అన్నట్టు చూస్తారు. మనవాడు ఆ చివరి చూపు ఇవ్వడు. మాట అయిపోయిందో లేదో తెలియక అడిగేవాళ్ళు ఆగుతారు. ఆ మౌనానికి వీడు ఇంకా కుంచించుకుపోతాడు. కాబట్టి మన శిక్షణ తరగతుల్లో ‘కళ్ళలోకి చూడు’ అని గద్దించడం మానేసి, జవాబు పూర్తయ్యాక ఒక్కసారి తలెత్తమని చెబితే చాలు. ఇంటర్వ్యూ చేసేవాళ్ళు కూడా కళ్ళకు వేసే మార్కులు కాస్త తగ్గించి, జవాబుకు వేయాలి.