మగ్గాల వాడలో కాలయంత్రం
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



షోలాపూరు తూర్పు భాగంలోని నేత వాడల్లో నిశ్శబ్దం చాలా ఖరీదైన వస్తువు. ఒక ఇంట్లో పవర్‌లూము ఆగితే పక్క ఇంట్లో మొదలవుతుంది. చాదరో, టవలో దిగుతూనే ఉంటుంది. గడప దగ్గర తల్లి చేటలో ఆకు, పొగాకు పెట్టుకొని బీడీలు చుడుతూ ఉంటుంది. అటువంటి ఇంట్లో ఒక విద్యార్థి లెక్కల నోటుపుస్తకం వెనుక పేజీల్లో చంద్రమండలం మీది మనుషులను గురించి నవల వ్రాస్తున్నాడనుకుందాం. తండ్రి చూస్తాడు. “దీనితో ఏమొస్తుందిరా?” అని అడుగుతాడు. ఆ ప్రశ్నలో కాఠిన్యం లేదు. వారం చివర చేతికి వచ్చే కూలి లెక్క తెలిసిన మనిషి మరొక విధంగా అడగలేడు.

ఇదే ప్రశ్నను ఇంగ్లండులో ఒక తల్లి కూడా ఎదుర్కొన్నది. ఆమె ఒక జమీందారీ భవనంలో పనివారిపై అజమాయిషీ చేసే ఉద్యోగిని. ముగ్గురు కొడుకులూ బట్టల వ్యాపారంలో స్థిరపడాలని ఆమె కోరిక. చిన్నవాడు 1866లో జన్మించిన హెర్బర్ట్ జార్జ్ వెల్స్. బాల్యంలో కాలు విరిగి మంచం పట్టినప్పుడు తండ్రి తెచ్చిచ్చిన పుస్తకాలతో అతనికి చదువు రుచి తెలిసింది. 1881లో అతనిని సౌత్‌సీ పట్టణంలోని ఒక బట్టల కొట్టులో పని నేర్చుకోవడానికి పెట్టారు. దినమునకు పదమూడు గంటల చాకిరీ. తానులు విప్పడం, మడవడం, సర్దడం. రాత్రి తోటి కుర్రవాళ్ళతో కలిసి ఒకే పడకగది. బట్ట మడతలో తప్పు వస్తే పడే మాటలు మన వాడ పిల్లలకు వివరించనక్కరలేదు.

1883లో ఒక ఆదివారం ఉదయం ఆ బాలుడు పదిహేడు మైళ్ళు నడిచి తల్లి దగ్గరకు వెళ్ళి, ఇక ఆ కొట్టులో ఉండలేనని చెప్పాడు. పని నేర్పినందుకు ఆమె అప్పటికే డబ్బు కట్టి ఉన్నది. ఆ తల్లి బాధను తక్కువ చేసి చెప్పడం న్యాయం కాదు. తుదకు ఆమె ఒప్పుకున్నది. కుర్రవాడు ఒక గ్రామర్ స్కూలులో చదువుకుంటూ చదువు చెప్పే పనిలో చేరాడు. మరుసటి సంవత్సరం ఉపకార వేతనం సంపాదించి లండన్‌లో టి.హెచ్. హక్స్‌లీ వద్ద జీవశాస్త్రం అభ్యసించాడు.

ఇక్కడితో కష్టాలు తీరాయనుకుంటే పొరపాటు. 1887లో చివరి పరీక్షలో భూగర్భ శాస్త్రంలో తప్పాడు. (ఈ ఒక్క వాక్యాన్ని విద్యార్థులు మరచిపోయినా నష్టం లేదు.) 1888లో తమ కళాశాల పత్రికలో కాలంలో ప్రయాణించే యంత్రాన్ని గురించి ఒక కథ మొదలుపెట్టి, మూడు సంచికలు వ్రాసి, ముడి విప్పలేక మధ్యలో వదిలివేశాడు. ఆ తరువాత పాఠాలు చెప్పాడు, జబ్బుపడ్డాడు. 1893లో ఊపిరితిత్తుల నుండి రక్తం పడడంతో బోధన మానివేసి కలం మీదనే బ్రతకవలసి వచ్చింది. మరుసటి సంవత్సరం అద్దె ఇంట్లో కూర్చొని పాత కథను మళ్ళీ వ్రాస్తూ ఉంటే, దీపానికి చమురు ఎక్కువ ఖర్చవుతున్నదని ఇంటావిడ కిటికీ అవతల సణుగుతూ ఉండేదట. ఆ చమురుతో పూర్తయిన నవల ‘ది టైమ్ మెషీన్’ 1895లో వెలువడింది.

అందులో ఒక చోటు నేతగాళ్ళ బిడ్డలు తప్పక చదవదగినది. కథానాయకుడు ఎనిమిది లక్షల సంవత్సరాల అవతలికి వెళతాడు. అక్కడి సుకుమారులైన మనుషులు మెత్తని వస్త్రాలు ధరించి ఆడుతూ పాడుతూ ఉంటారు. కానీ కార్ఖానా ఒక్కటీ కనపడదు. మరి ఈ బట్టలు ఎవరు నేస్తున్నారు? అతనికి కలిగిన సందేహం ఇది. చివరకు భూమి క్రింద చీకటిలో యంత్రాల మధ్య బ్రతికే మరొక జాతి ఉన్నదని తెలుస్తుంది. పైవారి బట్టలు ఆ క్రిందివారివే. పైవారిని రాత్రివేళ పట్టి తినేదీ ఆ క్రిందివారే. బట్టల కొట్టులో రెండేళ్ళు గడిపినవానికే తోచే సందేహమిది. రాకెట్లు, వింత జంతువులు కాదు, బట్ట ఎవరు నేశారన్న ప్రశ్న ఆ నవలను నడిపించింది.

అటువంటి ముడిసరుకు మన ఇళ్ళలోనూ ఉన్నది. జకార్డు మగ్గం మీద వరుసగా తిరిగే రంధ్రాల అట్టలను చూడండి. రంధ్రం ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. ఫ్రాన్సులో 1804 ప్రాంతంలో జకార్డు రూపొందించిన ఈ పద్ధతినే ఛార్లెస్ బాబేజ్ తన లెక్కల యంత్రం కొరకు తీసుకున్నాడు. సుమారు 24,000 అట్టలతో పట్టు మీద నేసిన జకార్డు చిత్రపటం ఒకటి బాబేజ్ వద్ద ఉండేది. 1890లో అమెరికా జనాభా లెక్కలను హోలరిత్ చిల్లుల అట్టలతోనే తేల్చాడు. చాదరు మీద పువ్వు దింపే తండ్రి కంప్యూటరు తాతగారితో పని చేస్తున్నాడన్నమాట. కథకు ఇంతకన్నా మంచి ఎత్తుగడ ఎక్కడ దొరుకుతుంది?

ఇక భాష సంగతి. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, సైన్సు పుస్తకంలో సగం ఇంగ్లీషు మాటలు. ఏ భాషలో ఊహించాలో తెలియక కలం ఆగిపోతుంది. ఇది నిజమైన ఇబ్బందే, తేలికగా తీసివేయదగినది కాదు. అయితే ఏడవ తరగతికి మించి చదవని రావూరి భరద్వాజగారు తెలుగులో పిల్లలకు, పెద్దలకు విజ్ఞాన గ్రంథాలు వ్రాశారు. కథలు, నవలలు అసంఖ్యాకంగా వ్రాశారు. 2012 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం ఆయనను వెదుక్కుంటూ వచ్చింది.

మన మహారాష్ట్రలోనే మరొక ముచ్చట జరిగింది. కొల్హాపూరులో జన్మించిన ఖగోళ శాస్త్రవేత్త జయంత్ విష్ణు నార్లీకర్ 1974లో మరాఠీ విజ్ఞాన పరిషత్తు కథల పోటీకి ఒక కథ పంపదలచారు. అప్పటికే ఆయన లోకప్రసిద్ధుడు. పేరు చూసి బహుమతి ఇచ్చారన్న మాట రాకూడదని తన పొడి అక్షరాలను తిరగవేసి నారాయణ్ వినాయక్ జగతాప్ అని పేరు పెట్టుకున్నారు. చేతివ్రాతను గుర్తుపడతారేమోనని శ్రీమతి మంగళ గారి చేత తిరిగి వ్రాయించారు. ఆ విధంగా న్యాయనిర్ణేతల బల్ల మీదికి ఎవరికీ తెలియని జగతాప్ కథ ఒకటి చేరింది. మొదటి బహుమతి దానికే వచ్చింది. కథ పేరు ‘కృష్ణవివర’. మనం తెలుగులో కృష్ణబిలం అంటాము. మన వాడ పిల్లలకు ఆ రెండు మాటలూ తెలిసినవే.