దువా, దవా రెండూ కావాలి
(తిరుచానూరులో జరిగిన మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)



మేము ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకొనేవాళ్ళం, వైద్యులం కాము. అయినా మా బంధువుల ఇంట్లో జరిగిన సంగతి మీ ముందు పెట్టాలని నిలబడ్డాము.

ఆ యింటి అబ్బాయి కొన్నాళ్ళు రాత్రిళ్ళు నిద్రపోడు. ఆపకుండా మాట్లాడతాడు, చేతిలోని డబ్బంతా తగలేస్తాడు. మరికొన్నాళ్ళు మూల కూర్చుంటాడు, ముద్ద ముట్టడు. 'గాలి సోకింది' అన్నారు కొందరు. 'పెంపకం సరిలేదు' అన్నారు ఇంకొందరు. ఆ మాటకు తల్లి కుమిలిపోయింది. డాక్టరు చెప్పిన పేరు బైపోలార్ వ్యాధి. లిథియం మాత్రలతో కుదుటపడినాడు. రంజాన్ రాగానే ఎవరినీ అడక్కుండా మాత్రలు ఆపేసినాడు. పండుగ నాటికి జబ్బు తిరగబెట్టింది.

తప్పు పెంపకానిది కాదు. మన ఒంట్లో వ్యాధి నిరోధక శక్తి అనే కావలి ఉంది. క్రిములు వస్తే తెల్లకణాలు కొన్ని రసాయనాలు వదిలి పోరాడతాయి. జ్వరంలో ఆకలి పోవడం, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాకపోవడం ఆ రసాయనాలు మెదడుకు పంపే కబురే. బైపోలార్ రోగుల్లో, ముఖ్యంగా ఉద్రేకం హెచ్చినప్పుడు, ఇంటర్‌ల్యూకిన్-6, సి-రియాక్టివ్ ప్రోటీన్ వంటివి రక్తంలో ఎక్కువగా కనబడుతున్నాయని పరిశోధకులు చెబుతున్నారు. దొంగ లేకపోయినా కావలివాడు కర్ర దించలేదన్నమాట. ఇదొక్కటే కారణం కాదు. వంశం, నిద్రలేమి, మనోవేదన కూడా కలుస్తాయి.

ఈ ఉద్రేకానికి లిథియం పనిచేస్తుందని 1949లో ఆస్ట్రేలియా డాక్టరు జాన్ కేడ్ ప్రకటించారు. అది తెల్లకణాల సంఖ్యనూ పెంచుతుంది. వాపు తగ్గించే మందులను తోడుగా ఇచ్చి కూడా పరీక్షిస్తున్నారు, ఇంకా రూఢి కాలేదు. అది విని అంగట్లో ఐబుప్రోఫెన్ కొని ఇవ్వకండి! దానివల్ల రక్తంలో లిథియం పెరిగి విషమయ్యే ప్రమాదముంది. ఒంట్లో నీరు తగ్గినా అదే ప్రమాదం.

కాబట్టి రంజాన్‌కు ముందే డాక్టరును అడగండి. సహరీ, ఇఫ్తార్ వేళలకు మాత్రలు సర్దవచ్చునో, రోజా మానాలో ఆయన చెబుతారు. రోగికి ఖురాన్‌లోనే వెసులుబాటు ఉంది గదా! మనకెందుకు మొండితనం?

మనకు దగ్గరలోని వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీవారి బాగాయం మానసిక చికిత్సా కేంద్రంలో రోగి వెంట ఇంటివాళ్ళూ ఉండే పద్ధతి పెట్టారు. ఇంటివాళ్ళకు జబ్బు అర్థమైతేనే మాత్ర వేళకు పడుతుంది. వెంటనే సలహా కావాలంటే 2022లో మొదలైన టెలిమానస్ ఉంది, నంబరు 14416, ఖర్చు లేదు.

దువా మానమని మేము అనడం లేదు. దువా చేసిన చేత్తోనే మాత్ర అందిద్దాం. ఆ తల్లిని నిందించిన మాటను వెనక్కి తీసుకుందాం.

ఖుదా హాఫిజ్.