రా ఫొటో: కెమెరా పని ఎంత, కంప్యూటర్ పని ఎంత



పెళ్లి ఫొటోలు తీసేవాళ్ల నుంచి పక్షుల కోసం చెరువుగట్ల మీద కాపుకాసేవాళ్ల దాకా ఇవాళ చాలామంది 'రా' (RAW) ఫార్మాట్‌లోనే తీస్తున్నారు. కెమెరా తెర మీద నిగనిగలాడిన ఫొటో, ఇంటికొచ్చి కంప్యూటర్‌లో తెరిస్తే వెలవెలబోతుంది. మరి కెమెరాలో పెట్టిన సెట్టింగులన్నీ ఏమైనట్టు? ఇది తెలుసుకుంటే ఫొటో తీసేటప్పుడు దేని మీద మనసు పెట్టాలో తెలుస్తుంది.

సెన్సర్‌కు రంగు తెలియదు. ఎంత వెలుగు పడిందన్నదే దానికి తెలుసు. అందుకే చాలా కెమెరాల్లో ఒక్కో పిక్సెల్ మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లలో ఏదో ఒకటి అమర్చి ఉంటుంది. కొడాక్ సంస్థలో పనిచేసిన బ్రైస్ బేయర్‌కు 1976లో ఈ అమరిక మీద పేటెంటు వచ్చింది. అందులో సగం ఫిల్టర్లు ఆకుపచ్చవే. ఇలా ఒక్కో పిక్సెల్ దగ్గర నమోదైన అంకెలే రా ఫైలు. ఆ అంకెల నుంచి రంగుల బొమ్మను తయారుచేసే పని, జేపెగ్‌లో తీస్తే కెమెరాదే. రాలో తీస్తే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌ది.

వైట్ బ్యాలెన్స్, పదును, కాంట్రాస్ట్, పిక్చర్ స్టైల్ వంటివి సాధారణంగా ఆ అంకెల జోలికి పోవు. ఫైలుకు జతచేసిన చీటీలా ఉంటాయి. కెనాన్, నికాన్ తమ సొంత సాఫ్ట్‌వేర్‌లలో ఆ చీటీని చదివి, తెర మీద చూసిన రూపానికి దగ్గరగా చూపిస్తాయి. లైట్‌రూమ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మామూలుగా వైట్ బ్యాలెన్స్‌ను తీసుకుని, మిగతావాటికి తన సొంత ప్రొఫైల్ వేస్తుంది. ఫొటో వెలవెలబోవడానికి కారణం ఇదే. బ్లాక్ అండ్ వైట్‌లో పెట్టి తీసినా రా ఫైలులో రంగులన్నీ భద్రంగా ఉంటాయి.

అపెర్చర్, షట్టర్ వేగం, ఐఎస్ఓ అలా కాదు. వీటి ఫలితం నేరుగా అంకెల్లోకే చేరుతుంది. 14 బిట్ల రా ఫైలు ఒక్కో పిక్సెల్‌కు 16,384 మెట్ల తేడా చూపగలదు. జేపెగ్‌లో ఒక్కో రంగుకు ఉన్నవి 256 మెట్లే. అందుకే రాలో నీడలను పైకి లాగినా చాలావరకు తట్టుకుంటుంది. అయితే ముహూర్తం వేళ పెళ్లికొడుకు తెల్ల పంచె మీద ఫ్లాష్ ఎక్కువై పిక్సెళ్లు నిండిపోతే, అక్కడి మడతలను ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు.

ఈ రెండు రకాలకూ మధ్య ఇంకొన్ని సెట్టింగులు ఉన్నాయి. కెనాన్‌లోని హైలైట్ టోన్ ప్రయారిటీ తెలుపు కాలిపోకుండా ఎక్స్‌పోజర్‌ను తగ్గించి నమోదు చేస్తుంది. అందుకే దాన్ని ఆన్ చేస్తే ఐఎస్ఓ 100 దొరకదు. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ షట్టర్ మూసి ఇంకో ఫ్రేము తీసి, అందులో కనిపించే నాయిస్ మచ్చలను మొదటిదాంట్లోంచి తీసేస్తుంది. చాలా కెమెరాల్లో ఇది రా ఫైలునే మారుస్తుంది.

ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. కెమెరాలో కనిపించే హిస్టోగ్రామ్, అంటే ఫొటోలో వెలుగు ఎలా పరుచుకుందో చూపే గ్రాఫు, సాధారణంగా జేపెగ్ రూపం నుంచి లెక్కగట్టిందే. కాంట్రాస్ట్ ఎక్కువున్న స్టైల్ పెడితే, రాలో వివరం మిగిలి ఉన్నా తెలుపు పోయినట్టు చూపుతుంది. కాబట్టి రాలో తీసేవాళ్లు న్యూట్రల్ స్టైల్ పెట్టుకోవడం మంచిది. పసుపు బల్బుల వెలుగులో కుంకుమ, బంతిపూలు తీసేటప్పుడు ఎరుపు ఛానెల్‌ను విడిగా చూడాలి. ముందుగా నిండిపోయేది అదే.

ఒక్క సాయంత్రం ఈ పరీక్ష చేసి చూడండి. ఒకే దృశ్యాన్ని రెండు వేర్వేరు వైట్ బ్యాలెన్సులతో తీసి, సాఫ్ట్‌వేర్‌లో రెంటికీ ఒకే విలువ ఇవ్వండి. రెండూ ఒకేలా వస్తాయి. తర్వాత తెల్లని వస్తువును సరైన ఎక్స్‌పోజర్‌తో ఒకసారి, బాగా ఎక్కువ చేసి ఇంకోసారి తీయండి. రెండోదాన్ని ఎంత దించినా మొదటిదానిలా కాదు. అందుకే ఫొటో తీసే క్షణంలో మీ శ్రద్ధంతా వెలుగు మీదే పెట్టండి. రంగు సంగతి ఇంట్లో తీరిగ్గా చూసుకోవచ్చు.