ఓవెన్ శుభ్రం చేసేనాడు పంజరంలో పిట్ట

(పెన్షనర్ల దినోత్సవ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పి, పెన్షను ఎవరో దయతలచి ఇచ్చేది కాదని, చేసిన సేవకు హక్కుగా వచ్చేదని స్థిరపరిచింది. ఆ తీర్పు గురించి నాకంటే బాగా చెప్పగలవారు వేదిక మీద ఉన్నారు. కార్యదర్శిగారు నన్ను మాత్రం "ఇంటికి పనికొచ్చే ముక్క ఏదైనా పది నిమిషాలు చెప్పండి" అన్నారు. అందుకని పంజరంలో పిట్టను గురించి, వంటింట్లో ఓవెన్ గురించి మాట్లాడతాను. ఈ రెండింటికీ ఏమిటి సంబంధమని నవ్వకండి. ఆ సంబంధం తెలియని ఇంట్లో పిట్ట ప్రాణమూ పోతుంది, మనుషుల మధ్య మాటా పోతుంది.

నేనుండేది జల్‌పల్లిలో. ఒకవైపు చెరువు, ఇంకోవైపు పహాడీ షరీఫ్ గుట్ట. ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. మా వైపు పావురాలు, పిట్టలు పెంచే ఇళ్లు చాలా ఉన్నాయి. చార్మినార్ దగ్గరి ముర్గీ చౌక్ మనకు దూరం కాదు కదా! మనం లవ్ బర్డ్స్ అని పిలిచే రంగురంగుల చిన్న చిలుకలు నిజానికి ఆస్ట్రేలియా దేశపు పిట్టలు, బడ్జరిగార్లు. 1840లో జాన్ గూల్డ్ అనే పక్షి శాస్త్రవేత్త వాటిని ఇంగ్లండుకు తీసుకుపోయాడు, అక్కడినుంచి లోకమంతా పాకాయి. మన రామచిలుకను పెంచడం మాత్రం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ప్రభుత్వ సర్వీసులో జీవితం గడిపినవాళ్లం, ఇది గుర్తుంచుకోవాలి.

పదవీ విరమణ తరువాత ఇల్లు నిశ్శబ్దమవుతుంది. పిల్లలు ఆఫీసులకు, మనవలు స్కూళ్లకు పోయాక పలకరించే గొంతు ఉండదు. భాగస్వామిని పోగొట్టుకున్నవారి సంగతి చెప్పనే అక్కరలేదు. అలాంటివారికి ఆ పిట్టల కిచకిచలే పొద్దుటి పలకరింపు.

ఇక ఓవెన్. మన కాలంలో కేకు కావాలంటే బేకరీకి పోయేవాళ్లం. ఇప్పుడు బీరువా మీద మిక్సీ అట్టపెట్టె పక్కనే ఓవెన్ అట్టపెట్టె కూడా ఉంటోంది. 2020 లాక్‌డౌన్‌లో ఇళ్లలో కేకులు, బిస్కెట్లు చేయడం బాగా పెరిగింది. జిడ్డు పట్టాక దాన్ని వదిలించడానికి చిమ్మే డబ్బాలు వచ్చాయి. చిక్కు అక్కడే.

మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు. వేరే శాఖలో చేసి రిటైరయ్యారు. భార్య పోయిన తరువాత నాలుగు లవ్ బర్డ్స్ తెచ్చి, వంటింటి గడప పక్కన పంజరం వేలాడదీశారు. రంజాన్ ముందు ఇల్లంతా దులుపుతూ కోడలు ఓవెన్‌లో మందు చిమ్మి, జిడ్డు తుడిచి, ఆరడానికని వేడి మీద పెట్టింది. చెరువు దోమలు రాకుండా సాయంత్రం కిటికీలు మూయడం మా వైపు అలవాటు. మగ్రిబ్ నమాజు నుంచి ఆయన వచ్చేసరికి మూడు పిట్టలు పంజరం అడుగున పడి ఉన్నాయి. నాలుగోది నోరు తెరుచుకుని రొప్పుతోంది.

ఒకరు దిష్టి అన్నారు, ఒకరు పిల్లి భయం అన్నారు, ఒకరు గింజల్లో విషం అన్నారు. ఆయన మాత్రం కోడలే సరిగా చూసుకోలేదని మనసులో పెట్టుకుని రెండు నెలలు ఆమె చేతి చాయ్ ముట్టలేదు. ఆ అమ్మాయి ఒకరోజు మా ఇంటికి వచ్చి, "చాచా, నేను ఇల్లు శుభ్రం చేశాను, అంతే కదా! నేనేం తప్పు చేశాను?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. నేను ఆ డబ్బా తెప్పించి, భూతద్దం పెట్టి చదివాను. చర్మానికి, కళ్లకు హాని అని ఉంది, గాలి ఆడేచోట వాడమని ఉంది. పిట్టల మాట ఒక్క అక్షరం లేదు. తెలిసిన పశువైద్యుణ్ణి అడిగితే విషయం తేటతెల్లమైంది. అది విని ఆయన కొంతసేపు మాట్లాడలేదు. తరువాత కోడల్ని పిలిచి చాయ్ అడిగారు.

ఆ పశువైద్యుడు చెప్పినదీ, తరువాత నేను చదివి తెలుసుకున్నదీ మీకు మనవి చేస్తాను.

మనం గాలి పీల్చి, వచ్చిన దారినే వదులుతాం. ఊపిరితిత్తుల్లో ఎప్పుడూ కొంత పాత గాలి మిగిలే ఉంటుంది. పిట్ట నిర్మాణం వేరు. దానికి ఊపిరితిత్తులతో పాటు ఒంట్లో గాలి సంచులుంటాయి, చాలా పక్షులకు అవి తొమ్మిది. వాటివల్ల పీల్చేటప్పుడూ, వదిలేటప్పుడూ కూడా ఊపిరితిత్తుల గుండా తాజా గాలి ఒకే దిశలో పారుతుంది. ఎగరడానికి కావలసిన శక్తి కోసం ప్రకృతి చేసిన ఏర్పాటు అది. కాని ప్రాణవాయువును అంత బాగా లాక్కునే ఊపిరి విషాన్నీ అంతే బాగా లాక్కుంటుంది. పైగా లవ్ బర్డ్ బరువు ముప్పై, నలభై గ్రాములు. మనకు తుమ్ము తెప్పించే మోతాదు దానికి మరణశాసనం.

ఈ సంగతి బొగ్గు గనులవాళ్లకు ఎప్పుడో తెలుసు. 1890లలో జాన్ స్కాట్ హాల్డేన్ అనే శాస్త్రవేత్త సలహా మీద బ్రిటన్ గనుల్లోకి కానరీ పిట్టలను తీసుకుపోయేవారు. వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ కమ్మితే మనిషికంటే ముందు పిట్ట తూలేది, కూలీలు బయటపడేవారు. 1986లో వాటి బదులు యంత్రాలు పెట్టాలని నిర్ణయించారు. గనిలో పిట్ట చేసిన ఉద్యోగమే మన వంటింట్లోనూ చేస్తోంది, జీతం లేకుండా.

ఓవెన్ నుంచి ప్రమాదం మూడు విధాలు. మొదటిది చిమ్మే మందు. జిడ్డు వదిలించే మందుల్లో చాలావాటిలో కాస్టిక్ సోడా ఉంటుంది. చిమ్మినప్పుడు సన్నని తుంపరగా గాలిలో తేలుతుంది. సరిగా కడగకుండా వేడిచేస్తే మిగిలిన మందు మళ్లీ ఆవిరిగా లేస్తుంది. ఘాటు లేదని డబ్బా మీద రాసినా అది మన ముక్కుకోసం రాసిన మాట, పిట్టకు వర్తించదు.

రెండవది తనను తానే శుభ్రం చేసుకునే ఓవెన్. మన దగ్గర తక్కువే, కాని అమెరికాలో ఉన్న మన పిల్లల ఇళ్లలో మామూలు. మీట నొక్కితే అది 480 డిగ్రీల సెంటీగ్రేడు దరిదాపులకు వేడెక్కి జిడ్డును బూడిద చేస్తుంది. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ కూడా ఉండవచ్చు. అక్కడికి వెళ్లినప్పుడు పిల్లలకు చెప్పండి.

మూడవది నాన్‌స్టిక్ పూత, అంటే టెఫ్లాన్. 1938లో రాయ్ ప్లంకెట్ అనే రసాయన శాస్త్రవేత్త ప్రయోగశాలలో అనుకోకుండా బయటపడిన పదార్థమిది. మామూలు వంట వేడికి ఏమీ కాదు. సుమారు 260 డిగ్రీలు దాటితే చెడడం మొదలవుతుంది. ఖాళీ పెనాన్ని పెద్ద మంట మీద మరిచిపోతే కొద్ది నిమిషాల్లోనే ఆ వేడి వచ్చేస్తుంది. ఆ ఆవిరికి పిట్టలు నిమిషాల్లో పోతాయి. మనకు పెద్ద వాసన కూడా తెలియదు కనుక, "వాసన లేదు కదా" అనే ధీమా పనికిరాదు.

ఇక చేయవలసినవి, మన అలవాటు ప్రకారం సర్క్యులర్‌లాగా చెబుతాను.

ఒకటి, పంజరాన్ని వంటింట్లో గాని, దాని గడప దగ్గర గాని పెట్టకూడదు.

రెండు, ఓవెన్ శుభ్రం చేయడానికి ముందే పిట్టలను బయటికి చేర్చాలి. పక్క గది చాలదు, మేడ మీదికో చుట్టాలింటికో పంపాలి. ఎండ, పిల్లి సంగతి చూసుకోవాలి. మన ఇళ్లు ఆనుకుని ఉంటాయి కనుక పక్కింటివారికి పిట్టలుంటే వారికీ ఒక మాట చెప్పాలి.

మూడు, తుడిచాక తడిగుడ్డతో రెండు మూడుసార్లు మందు పోయేలా తుడిచి, కిటికీలు తెరిచి ఖాళీ ఓవెన్‌ను ఒకసారి వేడిచేయాలి. కొత్త ఓవెన్‌ను మొదటిసారి వాడేటప్పుడూ ఇంతే. ఇల్లు బాగా గాలిపోసుకున్నాకే పిట్టలు లోపలికి రావాలి, మరునాడైతే మరీ మంచిది.

నాలుగు, అసలు ఆ మందే అక్కరలేదు. తినే సోడాను నీళ్లతో ముద్దగా కలిపి, చల్లారిన ఓవెన్ లోపల పూసి రాత్రంతా ఉంచి, తెల్లారి తుడిస్తే జిడ్డు వదులుతుంది. వేడిచేసే కడ్డీలకు అంటనివ్వకండి. మైక్రోవేవ్ అయితే గిన్నెడు నీళ్లలో నిమ్మచెక్క వేసి కాచి తుడిస్తే చాలు.

అయిదు, బ్లీచింగ్‌ను, బాత్‌రూమ్ యాసిడ్‌ను ఎన్నడూ కలపకండి. వచ్చేది క్లోరిన్. 1915లో యుద్ధభూమిలో సైనికుల మీదికి వదిలిన విషవాయువు అదే.

పిట్ట నోరు తెరిచి రొప్పినా, ప్రతి శ్వాసకూ తోక ఊగినా, కొమ్మ మీదినుంచి జారినా ఆలోచిస్తూ కూర్చోకండి. వెంటనే ఆరుబయట మంచి గాలిలోకి తీసుకుపోయి, పశువైద్యునికి చూపించండి. మాకు రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల దగ్గర. మీకు దగ్గరలో ఎవరున్నారో ముందే కనుక్కుని, ఫోను నంబరు ఓవెన్ తలుపుకే అంటించండి.

పిట్టకు పడని గాలి మనకూ మంచిది కాదు. మనలో ఆయాసం ఉన్నవారెందరో, ఇంట్లో పసిపిల్లలెందరో. అది ముందు పోతుంది, మనం ఆలస్యంగా దగ్గుతాం, అంతే తేడా. ఇంటికి వెళ్లాక ఈ నాలుగు మాటలు మీ కోడళ్లకు, కూతుళ్లకు తప్పు పట్టినట్టు కాకుండా, కబురు చెప్పినట్టు చెప్పండి. డబ్బా మీద రాయనిది వాళ్లకు ఎలా తెలుస్తుంది?