రోడ్డు మీద ప్రాణం పోతే పరిహారం అడిగే హక్కు ఎవరిది?

(బోడుప్పల్‌లో రైతు సంఘం సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగం)



ఉప్పల్ నుంచి బోడుప్పల్, నారపల్లి మీదుగా వరంగల్ వైపు పోయే రోడ్డు మనకు కొత్త కాదు. కూరగాయల ఆటోలు, పాల బండ్లు, లారీలు, బస్సులు అన్నీ ఈ దారినే నడుస్తాయి. ఇలాంటి రోడ్డు మీద మనిషి పోతే, దినాలు కాకముందే మధ్యవర్తి ఇంటికి వస్తాడు. "ఎంతో కొంత తీసుకోండి, సంతకం పెట్టండి" అంటాడు. ఆ సంతకానికి ముందు తెలుసుకోవలసిన సంగతులు ఇవి.

1988 మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ ప్రకారం మృతుని వారసులందరూ గానీ, వారిలో ఒక్కరు గానీ అర్జీ వేయవచ్చు. ఒక్కరే వేసినా అది అందరి మేలు కోసమే. చేరనివాళ్లను ప్రతివాదులుగా చూపాలి. కాబట్టి కోడలిని తప్పించడం, పెళ్లయిందని బిడ్డను పక్కన పెట్టడం కుదరదు.

భార్య, పిల్లలు, తల్లిదండ్రులే కాదు. చనిపోయినవారి అన్నదమ్ములు కూడా అడగవచ్చని సుప్రీంకోర్టు 1987లో గుజరాత్ ఆర్టీసీ కేసులో చెప్పింది. 2007లో పెళ్లయిన కూతురికి, 2020లో సొంత సంపాదన ఉన్న కొడుకులకు, 2021లో అల్లుడి మీద ఆధారపడిన అత్తకు ఆ హక్కు ఉందని తీర్పులిచ్చింది. అయితే అర్జీ వేసే హక్కు వేరు, చేతికొచ్చే వాటా వేరు. మృతుని మీద ఆధారపడి బతికినవారికే పెద్ద వాటా దక్కుతుంది.

ఒక లెక్క చూడండి. 38 ఏళ్ల రైతు ఆదాయం నెలకు 12,000 రూపాయలని ట్రిబ్యునల్ తేల్చిందనుకుందాం. భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలిపితే 16,800. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి అతని మీద ఆధారపడితే సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీస్తారు. మిగిలిన 12,600ను 12 నెలలతో, ఆ వయసుకు నిర్ణయించిన 15తో గుణిస్తే 22,68,000. తల్లిని లెక్కలో చేర్చకపోతే మూడో వంతు తీస్తారు. అప్పుడు 20,16,000 మాత్రమే. ముసలితల్లిని వదిలేస్తే ఇంటికే 2,52,000 నష్టం.

"రైతు బీమా ఐదు లక్షలు వచ్చింది కదా, ఇంకేం అడుగుతారు?" అంటారు కొందరు. జీవిత బీమా సొమ్మును పరిహారంలో కోయకూడదని 1998లోనే సుప్రీంకోర్టు చెప్పింది. రైతు బీమా నామినీకి వెళ్తుంది, ఇది వారసులది. పట్టా లేని కౌలు రైతుకు ఆ బీమా కూడా లేదు. అతని ఇంటికి ఈ పరిహారమే దిక్కు.

"భూమి మీకే ఉంది, నష్టమేముంది?" అన్న వాదన కూడా వస్తుంది. భూమి మిగిలినా సేద్యం చూసే మనిషి పోయాడు. ఆ పనికి మనిషిని పెట్టుకునే ఖర్చు అడగాలి. పాల లెక్కలు, మార్కెట్ చీటీలు, కౌలు కాగితాలు దాచి ఉంచండి.

ట్రాక్టర్ సంగతి మరీ ముఖ్యం. 2018 జూన్ 24న వలిగొండ మండలం వేములకొండ దగ్గర కూలీల ట్రాక్టర్ మూసీ కాల్వలో పడి 15 మంది చనిపోయారు. ట్రాలీలో మనుషులను ఎక్కిస్తే ఇన్సూరెన్స్ కంపెనీ బాధ్యత కాదంటుంది. కంపెనీ ముందు చెల్లించి యజమాని దగ్గర వసూలు చేసుకోవాలని 2007లో ఒక కేసులో సుప్రీంకోర్టు ఆదేశించినా, ప్రతి కేసులో అది రాదు. వచ్చినా చివరికి భారం ట్రాక్టర్ రైతు మీదే. కూలీ ఇల్లూ, రైతు ఇల్లూ రెండూ మునుగుతాయి. ట్రాలీలో మనుషులను ఎక్కించవద్దు.

గుద్దిన బండి ఏదో తెలియకపోయినా మృతుని కుటుంబానికి రెండు లక్షలు వస్తాయి. అర్జీ రెవెన్యూ అధికారికి ఇవ్వాలి. బండి తెలిస్తే, ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. ప్రమాదం ఉప్పల్‌లో జరిగినా మీరు ఉండే జిల్లాలోనే వేయవచ్చు. ఎఫ్‌ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు, బండి ఇన్సూరెన్స్ నకలు వెంటనే తీసుకోండి.

మన ఊళ్లో ఇలాంటి చావు జరిగితే, మధ్యవర్తి కంటే ముందు ఆ ఇంటి గడపలో సంఘం కార్యకర్త ఉండాలి. మీ అందరినీ కోరేది అదే.